బాపట్ల చర్చిలో ఒకటో ఛానెల్

మా ఆయన కుడి కంటిలో శుక్లం తీసిన డాక్టరుగారు నెల్లాళ్ళపాటు కెమెరా ముట్టుకోవద్దన్నారు. ఆయన ఆ మాటన్న పదో రోజున బాపట్లలో పెళ్ళి. ఎప్పుడో ఒప్పుకున్నది, కాదనడానికి లేదు.

తెనాలిలో మాకు ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఆరేళ్ళుగా బయటికెళ్ళి ఫోటోలు తీసేది మా ఆయన, లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని వాటిని ఆల్బములుగా చేసేది నేను. ఈ చుట్టుపక్కల సగం మంది పెళ్ళికూతుళ్ళ బుగ్గలు నా చేతిలో నునుపెక్కినవే. వాళ్ళలో ఒక్కరికీ నా మొహం తెలియదు. రోడ్డు మీద ఎదురైతే పక్కకి జరగమని హారను కొట్టి పోతారు.

"నేను వెళ్తాను," అన్నాను.

మా ఆయన నల్లద్దాల్లోంచి నేనున్న దిక్కుకి చూశాడు. "నువ్వా?"

"నేనే. బీఎస్సీలో ఫిజిక్సు చదివింది మీరా, నేనా?"

"ఫిజిక్సుకీ పెళ్ళికీ ఏంటి సంబంధం?"

"వెలుగు ఎలా పోతుందో, ఎలా వస్తుందో నాకు పుస్తకం చూడకుండా వచ్చు. మీకు చూసినా రాదు."

మా ఆయన మంచివాడే. మంచివాళ్ళతో ఉన్న చిక్కేంటంటే గట్టిగా దెబ్బలాడరు, మెల్లగా షరతు పెడతారు. "సరే, వెళ్ళు. తాళి కట్టే ఫోటో ఒక్కటి సరిగ్గా పట్టుకురా. అది బాగుంటే ఇకమీద పెళ్ళిళ్ళకి నువ్వే వెళ్దువుగాని, నాకూ మోకాళ్ళు నొప్పులే. అది పోయిందా, మళ్ళీ ఈ మాటెత్తకూడదు."

"మిగతాదంతా బాగొచ్చి అదొక్కటే పోతే?"

"అదొక్కటే పెళ్ళి. మిగతాదంతా భోజనాలు."

ఒప్పుకున్నాను. లోపలి గదిలో ఫ్యాను కింద ఇంకో ఇరవై ఏళ్ళు కూర్చోవడం నా వల్ల కాదని నాకు ఎప్పుడో తెలుసు, ఆయనకి ఆ రోజే తెలిసింది.

ఇక ఆ పెళ్ళి సంగతి. పెళ్ళికూతురు వాళ్ళది తెనాలి, పెళ్ళికొడుకు వాళ్ళది రేపల్లె. రెండూ లూథరన్ కుటుంబాలు, రెండిళ్ళలోనూ టీచర్లే. అందరూ టీచర్లయిన చోట మాట చెప్పేవాళ్ళే ఉంటారుగాని వినేవాళ్ళు ఉండరు. పెళ్ళి తెనాలి చర్చిలో అనుకుంటే, మేమొచ్చి మీ గుమ్మంలో నిలబడాలా అన్నారు మగపెళ్ళివారు. రేపల్లెలో అంటే, పిల్లని మేమే మోసుకొచ్చి అప్పజెప్పాలా అన్నారు ఆడపెళ్ళివారు. ఆఖరికి ఇద్దరికీ దగ్గరి చుట్టాలెవరూ లేని ఊరేదా అని వెతికి బాపట్ల ఖాయం చేశారు. వంటవాళ్ళు ఎవరివాళ్ళు వాళ్ళకే. ఫోటోగ్రాఫర్లూ అంతే. మా వైపు అది మామూలే. ఎదుటివాళ్ళ ఫోటోగ్రాఫరు మనవాళ్ళని నల్లగా తీస్తాడని ఇరువైపులా గట్టి నమ్మకం.

నేను పొద్దున ఏడింటికే బాపట్ల చేరాను. పాత చర్చి, ఎత్తు గోడలు, ఎక్కడో పైన చిన్న కిటికీలు, లోపల పగలే మసక. పాస్టరుగారు నన్ను చూసి ముందు ఆశ్చర్యపోయి, తర్వాత చేతులు కట్టుకుని నిబంధనలు చెప్పారు. బలిపీఠం మెట్లెక్కకూడదు. అటూ ఇటూ తిరక్కూడదు. ఉన్న చోటే ఉండాలి. ప్రార్థనలో ఫోటో అసలే తీయకూడదు. కెమెరా మీద ఫ్లాషు పెట్టి కళ్ళల్లో కొట్టకూడదు.

"కొట్టనండి. నా లైట్లు కెమెరా మీద ఉండవు, ఆ స్తంభాల దగ్గర ఉంటాయి," అన్నాను.

చూపించాను కూడా. ఫ్లాషులు రెండూ స్టాండ్ల మీద పెట్టి చెరో స్తంభానికీ పాత చీర పేలికతో బిగించాను. కెమెరా నెత్తిన మాత్రం అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని ట్రిగ్గరంటారు. నేను ఇక్కడ కెమెరా నొక్కగానే అది అక్కడి లైట్లకి వైరు లేకుండా కబురు పంపుతుంది, అవి వెలుగుతాయి. ఆ కబురు పంపడానికి దానిలో పదహారు ఛానెళ్ళుంటాయి. డబ్బా మీద ఎర్రటి అంకె వెలుగుతుంటుంది, ఏ ఛానెల్లో ఉందో చెబుతూ. కొన్నప్పుడు ఒకటి మీద ఉంటుంది. కొన్నవాళ్ళు పోయేదాకా ఒకటి మీదే ఉంటుంది.

తొమ్మిదింటికి రేపల్లె ఫోటోగ్రాఫరు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, చలవ కళ్ళద్దాలు కళ్ళకి కాకుండా నెత్తికి పెట్టుకున్నాడు. నాకు నమస్కారం పెట్టి, ఎదుటివైపు స్తంభాలకి తన లైట్లు రెండూ కట్టుకుని, పెళ్ళికొడుకుని కారు దగ్గర తీయాలని బయటికి వెళ్ళాడు. అతని డబ్బా అచ్చం నాలాంటిదే. ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరం విజయవాడలో ఆ ఒక్క కొట్లోనే కొంటాం మరి.

పది గంటలకి చర్చి నిండింది. పెళ్ళికూతురు మాత్రం రాలేదు. బ్యూటీపార్లరు నుంచి వస్తుంటే రైలు గేటు పడిందని ఫోను వచ్చింది. ఖాళీగా ఎందుకని పాస్టరుగారు, "కన్నులు మూసుకుందాం," అన్నారు. అందరూ మూసుకున్నారు. నేనూ కెమెరా మెడలో వేలాడదీసి, చేతులు జోడించి మూసుకున్నాను.

ఫట్.

నాలుగు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. మూసుకున్న రెప్పల్లోంచి కూడా ఎర్రగా తెలిసింది. పాస్టరుగారు ఆగలేదు, గొంతు కాస్త పెంచారు. మళ్ళీ వెలిగింది. ఆయన ఇంకా పెంచారు. మూడోసారి ఒకటి కాదు, మూడు సెకన్లకొకటిగా ఏడు. ఆయన ప్రార్థన మధ్యలో ఆపి కళ్ళు తెరిచి, "అమ్మా," అన్నారు.

అందరూ కళ్ళు తెరిచి నావైపు తిరిగారు.

"ప్రార్థనలో వద్దని చెప్పానుగదమ్మా."

"నేను కాదండి."

"మరెవరు?"

చూస్తే చర్చి మొత్తంలో కెమెరా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. నిజం కనపడాలని, కెమెరా మీద నా చెయ్యి లేదని చూపిస్తూ రెండు చేతులూ పైకెత్తాను. పోలీసులకి దొరికిన దొంగలాగా అలా నిలబడి ఉండగానే మళ్ళీ నాలుగు లైట్లూ వెలిగాయి. ముందు వరసలో ఒక తాతగారు, "స్తోత్రం," అన్నారు. ఆయన వెనక మరో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. పాస్టరుగారికి ఏం చేయాలో తోచక ఆమెన్ చెప్పేశారు.

నాకు మాత్రం అర్థమైపోయింది. బయటికి నడిచాను. అనుకున్నట్టే రేపల్లె ఫోటోగ్రాఫరు చెట్టుకింద పెళ్ళికొడుకుని కారు అద్దంలోంచి తొంగి చూడమంటూ టకటకా నొక్కుతున్నాడు. పట్టపగలు లైటుతో పనేలేదు, అయినా డబ్బా కెమెరా మీదే ఉంది.

"తమ్ముడూ, నువ్వు ఇక్కడ నొక్కితే లోపల నాలుగు లైట్లూ పేలుతున్నాయి. ఏ ఛానెల్ నీది?"

"ఒకటక్కా. మీది?"

"ఒకటి."

"అయ్యో," అని నవ్వాడు. "ముందు మీరొచ్చారుగా. ఉండండి, నేనే రెండుకి పోతా." అని డబ్బా మీద వేలు కూడా వేశాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఊరుకోవడం నాకు చిన్నప్పటినుంచీ రాదు.

"పదహారు పెట్టి ఇస్తే అందరూ ఒకటి మీద పడి ఏడుస్తారేంటి? పెట్టె విప్పగానే ఓ కాగితం ఉంటుంది, అది చదవాలని ఎవరికీ ఉండదు. చదివుంటే ఇప్పుడు నిన్ను రెండుకి పొమ్మని నేను చెప్పాల్సిన పనుండేదా?"

నా గొంతు చిన్నదేం కాదు. కారుకి అవతల నిలబడ్డ పెళ్ళికొడుకు పెదనాన్నగారికి వినపడింది. రిటైరైన హెడ్మాస్టరు, తెల్లబట్టలు, జేబులో రెండు పెన్నులు.

"ఏంటమ్మా? మావాణ్ణి రెండో నంబరుకి పొమ్మంటున్నావా?"

"ఛానెల్ నంబరండి. దానికీ దీనికీ..."

"ఏదైతేనేం, నంబరే గదా? ఒకటి ఎవరిదంటున్నావు?"

"మాది. నేను ముందొచ్చాను."

"మీదంటే ఆడపెళ్ళివారిది."

ఆ మాట అలా పలికేసరికి నాకూ విషయం జారిపోతోందని తెలిసింది. రేపల్లె ఫోటోగ్రాఫరు, "పర్లేదండి సార్, రెండైనా పదైనా ఒకటే," అంటున్నాడు. హెడ్మాస్టరుగారు అతని చెయ్యి పట్టుకుని, "ఒకటే అయితే ఒకటిలోనే ఉండు," అన్నారు.

ఈలోగా పెళ్ళికూతురు తల్లి వచ్చింది. ఆవిడ తెనాలిలో ఇంగ్లీషు చెబుతుంది. నేను మెల్లగా, "పోనీ నేనే రెండుకి మారతానండి, మీకేం తేడా ఉండదు," అన్నాను. ఆవిడ నన్ను పక్కకి లాగి, "నువ్వు మా తరపు మనిషివా, వాళ్ళ తరపు మనిషివా? భోజనాల్లో మొదటి పంక్తి వాళ్ళదన్నారు, ఊరుకున్నాం. కారు వాళ్ళదన్నారు, ఊరుకున్నాం. ఇప్పుడు గాలిలో పోయేదాంట్లో కూడా మేం రెండా?"

"గాలిలో పోయేది ఎవరికీ కనపడదండి."

"నంబరు కనపడుతోందిగా ఎర్రగా!"

కనపడుతోంది, అబద్ధమెందుకు. నేను అవతలకి వెళ్ళి మా ఆయనకి ఫోను చేశాను.

"ఛానెళ్ళు కలిసిపోయాయి. ఏం చేస్తారు మీరు ఇలాంటప్పుడు?"

"అదా, నేను చెప్పలేదూ? ముందు స్టాండు పెట్టినవాడిది ఒకటి. తర్వాతొచ్చినవాడు నోరెత్తకుండా రెండుకి పోతాడు. మాలో మాకు అదే పద్ధతి. చుట్టాలతో మాత్రం అనకూడదు." అంతలోనే అనుమానమొచ్చి, "ఎవరితోనైనా అన్నావా?"

"అన్నాను."

"ఎవరితో?"

"అందరితో."

"భోజనం మాత్రం వేళకి చెయ్యి," అని పెట్టేశాడు.

నేను తిరిగొచ్చేసరికి వరండాలో సభ జరుగుతోంది. హెడ్మాస్టరుగారు మధ్యలో ఉన్నారు. ఒకాయన నాలుగో నంబరూ అయిదో నంబరూ పంచుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదన్నాడు. నాలుగు ఎవరికి, అయిదు ఎవరికి అని ఇంకో గొడవ వచ్చింది. చీటీలు వేద్దామని ఒకరన్నారు. చర్చి వరండాలో చీటీలా అని మరొకరు కోప్పడ్డారు. ఇంత గొడవలోనూ మేమిద్దరం ఫోటోగ్రాఫర్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. మా డబ్బాల మీద అటు ఒకటి, ఇటు ఒకటి వెలుగుతూనే ఉన్నాయి.

పాస్టరుగారు బయటికొచ్చారు. అంతా విన్నారు. చిరునవ్వు నవ్వారు.

"ఇవాళ్టితో రెండు కుటుంబాలూ ఒకటేగదా అవుతున్నది? ఇద్దరూ ఒకటో నంబరులోనే ఉండండి. ఇందులో పెద్దా చిన్నా ఏముంది?"

అబ్బ, ఎంత మంచిమాట చెప్పారండీ అని అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్ళికూతురు తల్లి కళ్ళొత్తుకుంది. హెడ్మాస్టరుగారు ఆవిడకి నమస్కారం పెట్టారు. పెళ్ళిచూపుల తర్వాత ఆ రెండు కుటుంబాలూ ఒకమాట మీదికి రావడం అదే మొదటిసారట. ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళం మేమిద్దరమే, మాకు ఏడుపొచ్చింది.

"అక్కా, ఇప్పుడెలా?" అన్నాడు రేపల్లె అతను చిన్నగా.

"ఎవరికీ తెలీకుండా నేను మార్చేస్తాలే."

ఆ వీలు కూడా లేకుండా పోయింది. కలిసిపోయారుగాని నమ్మకం ఇంకా కలవలేదు. అతని పక్కన హెడ్మాస్టరుగారు స్వయంగా నిలబడ్డారు, నంబరు మారుతుందేమోనని. నా పక్కన పెళ్ళికూతురు మేనత్తని కూర్చోబెట్టారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, సన్నగా నిటారుగా ఉంటుంది. కళ్ళద్దాలు తుడుచుకుని నా డబ్బా మీది అంకెని చూసి, "ఒకటి. సరే," అని తల ఊపింది. పరీక్ష హాల్లో నిలబడినట్టు నిలబడ్డాను.

రైలు గేటు ఎత్తారు. పెళ్ళికూతురు వచ్చింది.

లైట్లు ఒకసారి వెలిగితే మళ్ళీ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అందుకని నాలుగూ ఒకే ఛానెల్లో ఉన్నప్పుడు ఎవరు ముందు నొక్కితే వెలుగు వాళ్ళది, వెనక నొక్కినవాళ్ళకి చీకటి. పెళ్ళికూతురు గుమ్మంలో అడుగుపెట్టింది, అతను ముందు నొక్కాడు, నాకు చీకటి. నాలుగడుగులు నడిచింది, నేను ముందు నొక్కాను, అతనికి చీకటి. అతను నావైపు చూశాడు, నేను అతనివైపు చూశాను. ఇద్దరం మంచివాళ్ళమేగాని పని పనే.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అతను నాకంటే ముందు నొక్కాలని, ఏదీ జరక్కముందే నొక్కడం మొదలుపెట్టాడు. నేను అతనికంటే ముందు నొక్కాలని ఇంకా ముందు నొక్కాను. ప్రమాణాలు చదువుతారనగా పాస్టరుగారు పుస్తకంలో పేజీ తిప్పుతుంటే ఒకటి. పెళ్ళికొడుకు గొంతు సవరించుకుంటే ఒకటి. ఉంగరాల పళ్ళెం పట్టుకున్న పెద్దమ్మగారు తుమ్మబోతే ఇద్దరం కలిసి నొక్కాం. తీరా ఉంగరాలు తొడిగే క్షణానికి లైట్లు నాలుగింటికీ అలుపొచ్చి పడుకున్నాయి. కెమెరా వెనక తెరలో చూసుకున్నాను. మసకలో ఇద్దరు దొంగలు ఏదో పంచుకుంటున్నట్టుంది. పాస్టరుగారు ప్రతి వాక్యానికీ కళ్ళు చికిలిస్తూ, అయినా చిరునవ్వు వదలకుండా చదువుతున్నారు. ఐకమత్యం ఆయన సలహాయేగదా, ఏమనగలరు?

తరువాత తాళి. ఆ ఒక్క ఫోటో.

అప్పుడు నాకు భయం వేసింది. ఇరవై ఆరేళ్ళుగా మా ఆయన తీసిన తాళి ఫోటోల్లో నేను ఎన్ని తప్పులు పట్టానో లెక్కలేదు. వేలు అడ్డమొచ్చిందని, ముడి కనపడలేదని, పెళ్ళికొడుకు చెవి ఎర్రగా ఉందని. ఇప్పుడు నా చేతిలో ఉన్నది నల్లటి చదరాలు. సాయంత్రం వాటిని ఆయన ముందు పెడితే ఆయన ఏమీ అనడు. ఏమీ అనకుండా కంప్యూటరు గది తలుపు తెరిచి పట్టుకుంటాడు.

ఆలోచించాను. పందెం మానేస్తే? ట్రిగ్గరు తీసేసి, షట్టరు ఒక సెకనుపాటు తెరిచి ఉంచితే? చర్చి మసక కాబట్టి ఆ సెకనులో లైటు లేకుండా పెద్దగా ఏమీ పడదు. ఆ సెకను లోపల ఎవరు లైటు వెలిగించినా బొమ్మ మాత్రం నా కెమెరాలో కూడా పడుతుంది. వెలుగుకి తరఫులు లేవుగా. రేపల్లె అతను నొక్కితే నొక్కనీ, నాకూ వస్తుంది.

డబ్బా ఊడదీశాను.

మేనత్త ఉలిక్కిపడింది. "అదేంటి, ఎందుకు తీశావు? మన నంబరు పోదూ?"

"పోదండి. ఇదుగో, మీరే పట్టుకోండి. నంబరు మీ చేతిలోనే ఉంటుంది."

ఆవిడ రెండు చేతుల్తో భక్తిగా అందుకుంది. ఆ డబ్బాకి వెనకవైపు లైటు పరీక్షించుకోవడానికి ఒక బొత్తం ఉంటుందని నేను చెప్పలేదు. టీచరుకి చెప్పాల్సిన పనిలేదు, బొత్తం ఉంటే నొక్కి చూస్తుంది. నొక్కింది. చర్చి మొత్తం ఫెళ్ళున వెలిగింది. పెళ్ళికొడుకు చేతిలోకి తాళి తీసుకోబోతూ ఆగిపోయాడు.

"నేనేనా?" అంది ఆవిడ గుసగుసగా.

"మీరేనండి."

ఆవిడ ఇంకోసారి నొక్కింది. అవతల రేపల్లె అతను తన కెమెరా తిప్పి చూసుకుంటున్నాడు. నొక్కలేదు, వెలిగింది. నా చేతిలో డబ్బా లేదు, అయినా వెలిగింది. హెడ్మాస్టరుగారు వంగి, "ఒకటేగా ఉంది?" అని అడుగుతున్నారు. "ఒకటే సార్, అదే నాకూ అర్థం కావట్లా," అంటున్నాడతను.

అప్పుడు నాకు వెలిగింది. మేమిద్దరం పొద్దున్నుంచీ ఒకరి వేలు ఒకరం చూస్తూ పెళ్ళి చూడలేదు. ఈ చర్చిలో పెళ్ళిని రెప్పవేయకుండా చూస్తున్నది ఈవిడే.

"అమ్మా," అన్నాను ఆవిడ చెవిలో, "ఇక ముట్టుకోకండి. మూడు ముళ్ళు వేస్తాడు. మూడోది బిగించేటప్పుడు ఒక్కసారి నొక్కండి. మొదటిదానికి వద్దు, రెండోదానికి వద్దు."

"మూడోదానికి. ఒక్కసారి." లెక్క అప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది.

కెమెరాని ముందు బల్ల వీపు మీద ఆనించాను. ఊపిరి బిగబట్టాను. పెళ్ళికొడుకు మొదటి ముడి వేశాడు. రేపల్లె అతను తొందరపడి నొక్కాడు, నాలుగూ వెలిగాయి. రెండో ముడి వేస్తుంటే మళ్ళీ నొక్కాడు, వెలుగు సగమే వచ్చింది, తెరలో చూసుకుని తిట్టుకున్నట్టున్నాడు. మూడో ముడి దగ్గర పెళ్ళికొడుకుకి దారం జారింది. వెతుక్కుంటున్నాడు. పెళ్ళికూతురు మెడ వంచి, కదలకుండా, పెదవులు మాత్రం కదిపి ఏదో అంది. త్వరగా కానీ అనే అయ్యుంటుంది. ఆ జాప్యంలో లైట్లు నాలుగూ నిండాయి. నేను షట్టరు తెరిచాను. నా పక్కన ఆవిడ, "మూడు," అని పైకే అంది.

ఫెళ్ళున వెలిగింది.

చూసుకునే ధైర్యం చాలక కాసేపు తెరని అరచేత్తో మూసి పట్టుకున్నాను. తర్వాత చూశాను. పెళ్ళికొడుకు వేళ్ళ మధ్య ముడి. వంచిన మెడ మీద చెమట చుక్క. పెళ్ళికూతురు నవ్వు ఆపుకుంటున్న బుగ్గ. నాలుగు వైపులనుంచీ వెలుగు, ఎక్కడా నీడ గుచ్చుకోలేదు. వెనకాల ఒక మూల మాత్రం రేపల్లె ఫోటోగ్రాఫరు, కెమెరా తలకిందులుగా పట్టుకుని అడుగుభాగాన్ని పరీక్షిస్తున్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన ముందు పెట్టాను. ముందు ఎడం కంటితో చూశాడు. తర్వాత అద్దాలెత్తి కుడి కంటితో చూశాడు.

"బాగుంది," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "లైటు సరిగ్గా ముడి బిగించేటప్పుడే పడింది. ఎలా నొక్కావు?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ కంట్లో నీళ్ళొచ్చి, ఆపరేషన్ చేసిన కన్ను తుడవకూడదని పైకి చూస్తూ కూర్చున్నాడు. నవ్వయ్యాక, "అయితే ఇది నువ్వు తీసిన ఫోటో కాదు," అన్నాడు.

"కెమెరా పట్టుకుంది నేను."

"లైటు వెయ్యందే బొమ్మ లేదు. అది వేసింది ఆవిడ."

"కొట్లో కరెంటు పోయి వస్తే ఆ పూట తీసిన ఫోటోలన్నీ కరెంటాఫీసువేనా?"

"పైగా రెండు లైట్లు రేపల్లెవి."

"రేపల్లె సూర్యుడూ తెనాలి సూర్యుడూ వేరా?"

ఆ వాదన మూడు రోజులు నడిచింది. పందెం నేను గెలిచానని నేను, గెలవలేదని ఆయన. కూర చప్పగా ఉందంటే, వండింది నేనే అయినా ఉప్పు ఉప్పువాళ్ళది, వాళ్ళనడగండి అన్నాను. ఉప్పు డబ్బా తనే తెచ్చుకుని తిన్నాడు. షరతు వదులుకున్నానని మాత్రం అనలేదు. నాలుగో రోజు పొద్దున కంప్యూటరు గదిలోకెళ్ళి నేనే కుర్చీ దుమ్ము దులుపుకున్నాను. ఇంకా ఒప్పుకోలేదు, కానీ కూర్చున్నాను.

ఆ రోజే పదకొండింటి రైలుకి రేపల్లె ఫోటోగ్రాఫరు దిగాడు. ఫోను కూడా చేయలేదు, స్టూడియో వెతుక్కుంటూ వచ్చేశాడు. బయట మా ఆయన ఉన్నాడు. నేను లోపల్నుంచి వింటున్నాను.

"నమస్తే అన్నా. అక్క ఉన్నారా?"

"ఏం కావాలి?"

"అక్క తీసిన మూడో ముడి ఫోటో ఒకటి ఇవ్వమని అడుగుదామని వచ్చానన్నా. నాకు మూడోది అస్సలు పడలా. మొదటి రెండూ ఉన్నాయి. హెడ్మాస్టరుగారు ఫోటోలు చూసి, మూడు ముళ్ళెయ్యకుండా పిల్లని కాపురానికెలా తెచ్చుకున్నాం రా అని మా ఇంటికే వచ్చి కూర్చున్నారు."

"అది మా ఆవిడ తీసింది కాదేమో. ఎవరో మేనత్తగారు..."

"అదంతా నాకు తెలుసన్నా, ఆవిడే ఊరంతా చెప్పుకుంటోంది. అయినా షట్టరు ఎప్పుడు తెరవాలో, ఎవరిచేత నొక్కించాలో ఆలోచించింది అక్కేగా? నేను ఆ టైములో డబ్బా ఊపుకుంటూ నిలబడ్డా. మీరుంటే ఏం చేసేవారో చెప్పండి."

నేను కుర్చీలోంచి లేవకుండా చెవులు రిక్కించాను.

"నేనుంటే," అన్నాడు మా ఆయన, "మళ్ళీ ఓసారి కట్టమనేవాణ్ణి."

"నేనూ అదే అడిగానన్నా. పాస్టరుగారు తరిమేశారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన లోపలికి తల పెట్టి, "ఆ ఫోటో అతనికి ఇవ్వు," అన్నాడు. వెళ్ళబోయి మళ్ళీ తిరిగి, "వచ్చే వారం నిజాంపట్నంలో పెళ్ళి ఒప్పుకున్నాను. హార్బరు దగ్గర బోట్ల మీద కూడా ఫోటోలు కావాలంటున్నారు. నువ్వు బోటెక్కగలవా?"

"ఎక్కుతాను."

"ఈత రాదుగా నీకు?"

"మీకొచ్చా?"

రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను లేచాను. ఆయన నా కుర్చీ వైపు ఒకసారి చూసి, అద్దాలు సర్దుకుని, అది లాక్కుని కూర్చున్నాడు. మౌసు ఏ చేత్తో పట్టుకోవాలో తేల్చుకుంటున్నాడు. నేను ఫోటో పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చి, రేపల్లె అతనికి టీ పెట్టడానికి వెళ్ళాను. వెనకనుంచి ఆయన కేక, "ఏమేవ్, ఈ పెళ్ళికూతురి బుగ్గ రుద్దుతుంటే ముక్కు కూడా పోతోంది, ఎలా ఆపాలి దీన్ని?"

పోనివ్వండి అన్నాను, మొదట్లో అందరికీ పోతుంది.